మంచం పక్క మనిషి



పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెడతారు. డిశ్చార్జి సమ్మరీ. పేషెంటు పేరు, వయసు, స్కానింగులో ఏం తేలింది, ఏ మాత్ర ఎన్ని పూటలు, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి, అన్నీ అందులో ఉంటాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలనీ, ముక్కు గొట్టంలోంచి జావ పట్టాలనీ, రోజూ కాలూ చెయ్యీ ఆడించాలనీ ఉంటుంది. ఇవన్నీ ఎవరు చేస్తారని మాత్రం ఆ కాగితం అడగదు. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా అని డాక్టరుకు ధీమా, చుట్టాలకు ధీమా, ప్రభుత్వానికీ అదే ధీమా.

ఈ రోజు ప్రసంగం ఆ ఎవరో ఒకరి గురించి.

సాధారణంగా ఆ మనిషి భార్య. ఆమె లేకపోతే కోడలు. కోడలు ఉద్యోగస్థురాలైతే పెళ్ళి కాని కూతురో, దగ్గర ఊళ్ళో కాపురముంటున్న కూతురో. మగవాళ్ళు చేయరని కాదు. మంచాన పడ్డ భార్యకు తల దువ్వి జడ వేసే డెబ్భై ఏళ్ళ భర్తలు మన ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కానీ లెక్క లెక్కే. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా చూస్తున్నారు. మగవాళ్ళలో అది 21.4 శాతం. ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 140 నిమిషాలు దానికి పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 74 నిమిషాలు. వంట, అంట్లు, బట్టలు ఇందులో లేవు. వాటి లెక్క వేరు: ఆడవాళ్ళకు 289 నిమిషాలు, మగవాళ్ళకు 88. చంటిపిల్లల్ని పెంచడం కూడా ఈ ఆలనాపాలనలో కలిసే ఉందన్న మాట నిజమే. అయితే పక్క గదిలోంచి దగ్గు వినిపిస్తుందేమోనని ఒక చెవి అటే పెట్టి పడుకున్న రాత్రులు ఏ సర్వేకీ సరిగ్గా అందవు.

ఇంతకీ ఆ మనిషి చేసే పనేమిటి? 'చూసుకోవడం' అంటాం కాబట్టి కుర్చీలో కూర్చుని చూడటమేమో అనిపిస్తుంది. కదలలేని మనిషిని ఒకే పక్కన ఉంచేస్తే నడుము కింద ఎముక దగ్గర, మడమల దగ్గర, మోచేతుల దగ్గర చర్మం మొదట ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది. షుగరు ఉన్న మనిషికి ఆ పుండు ఒక పట్టాన మానదు. అందుకే రాత్రి పదకొండుకు, ఒంటిగంటకు, మూడుకు లేచి తిప్పాలి. గొట్టంలోంచి ఆహారం పట్టేముందు తలవైపు మంచం ఎత్తు చేయాలి, గొట్టం జరగలేదని చూసుకోవాలి, పట్టాక కాసేపు అలాగే కూర్చోబెట్టాలి. లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. యూరిన్ బ్యాగు ఎప్పుడు నిండింది, రంగు మారిందా, జ్వరం ఉందా చూడాలి. డైపరు మార్చాలి, ఒళ్ళు తుడవాలి. డెబ్భై కిలోల మనిషిని యాభై కిలోల మనిషి మంచం మీంచి కుర్చీలోకి దించాలి. ఆ దించడంలో వచ్చే నడుంనొప్పి ఆ ఇంట్లో రెండో జబ్బు. దానికి డాక్టరు దగ్గరకు వెళ్ళే తీరిక ఉండదు.

ఇలాంటి పనులు చేతికి రావడానికి బీఎస్సీ నర్సింగ్ విద్యార్థి నాలుగేళ్ళు చదువుతుంది. ఇంటి మనిషికి డిశ్చార్జి రోజున, బిల్లు కౌంటరుకూ మందుల షాపుకూ తిరిగే హడావుడిలో, సిస్టరు ఓ ఐదు నిమిషాలు చూపిస్తే గొప్ప.

మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా, మరో రకం పరీక్ష. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి అది ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఈ ఇళ్ళలో మనిషి లేచి తిరుగుతూనే ఉంటాడు, కష్టమంతా అక్కడే. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకు "ఈ ఇంట్లో నాకు తిండి పెట్టరు" అని వీధరుగు మీద కూర్చుని పోయేవాళ్ళందరికీ చెబుతాడు. అర్ధరాత్రి గడియ తీసుకుని, ఎప్పుడో అమ్మేసిన పొలానికి నీళ్ళు పెట్టాలని బయలుదేరతాడు. "ఇప్పుడేగా తిన్నారు నాన్నా" అని వాదించి లాభం లేదని కూతురికి మూడో నెలకు అర్థమవుతుంది. వచ్చిన పక్కింటావిడకు మాత్రం అర్థం కాదు. పెద్దాయనకు అన్నం పెట్టడంలేదట అన్న మాట ఊరంతా తిరిగి ఆ కూతురి చెవికే చేరుతుంది.

ఇలా ఏళ్ళ తరబడి చేస్తే చేసేవాళ్ళ ఒంటికి ఏమవుతుంది? అమెరికాలో దీన్ని గట్టిగానే పరిశోధించారు. 1995లో ఒహాయోలో డిమెన్షియా ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్ళనూ, అదే వయసున్న మరో 13 మందినీ తీసుకుని, అందరికీ చేతి మీద ఒకే కొలతలో చిన్న గాయం చేసి, ఎప్పుడు మానుతుందో చూశారు. బంధువులను చూసుకుంటున్నవాళ్ళ గాయాలు మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. పదమూడు మంది చిన్న సంఖ్యే. కానీ 2004లో కాలిఫోర్నియాలో దీర్ఘరోగాలున్న పిల్లల తల్లుల కణాలను పరీక్షిస్తే, బాగా ఒత్తిడిలో ఉన్న తల్లుల క్రోమోజోముల కొసలు తమకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకున్నంత అరిగిపోయి కనిపించాయి. ఆ పరిశోధన చేసినవారిలో ఒకరైన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్‌కు ఆ కొసల మీద చేసిన కృషికే 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

వీటన్నిటికంటే ఆలోచించాల్సింది 1999లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు చెప్పిన మాట. జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ ఒత్తిడికి గురవుతున్న వృద్ధులు నాలుగేళ్ళలో చనిపోయే ముప్పు, అలాంటి బాధ్యత లేనివారికంటే 63 శాతం ఎక్కువని వాళ్ళు లెక్క తేల్చారు. ఈ అంకె బాగా ప్రచారమైంది. దాని పక్కనే ఉన్న మరో ఫలితం అంతగా ప్రచారం కాలేదు. సేవ చేస్తూ కూడా ఒత్తిడి పడనివాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. అంటే మనిషిని కుంగదీసేది సేవ అన్న పని కాదు, ఆ పనిని మోయాల్సి వచ్చిన తీరు. ఎంతమంది చేతులు వేశారు, రాత్రి నిద్ర ఉందా, డబ్బుకు వెతుక్కోవాల్సి వచ్చిందా, ఒక్క మంచి మాట విన్నారా అన్నవన్నీ ఆ తీరులోకే వస్తాయి.

తెలుగిళ్ళలో ఆ తీరు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ముగ్గురు పిల్లల్లో ఒకరు డాలస్‌లో, ఒకరు బెంగళూరులో, ఒకరు ఊళ్ళో. డబ్బు మేం పంపుతాం, నువ్వు దగ్గరుండి చూసుకో అన్నది ఒప్పందం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ డబ్బు నెలకోసారి పంపితే సరిపోతుంది, డైపరు రోజుకు నాలుగుసార్లు మార్చాలి. పైగా శనివారం రాత్రి వీడియో కాల్‌లో తనిఖీ. "అమ్మేంటి ఇలా చిక్కిపోయింది వదినా? ప్రోటీన్ పౌడరు ఇస్తున్నారా అసలు?" ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, కాదనలేం. అడిగించుకున్న వదినకు మాత్రం ఆ రాత్రి పట్టే ఆ కాస్త నిద్ర కూడా పట్టదు. దూరాన ఉన్నవాళ్ళకూ వాళ్ళ నరకం వాళ్ళకుంది. ఊరి నుంచి ఫోను మోగితే చాలు, ఏ వార్తోనని గుండె జారుతుంది. అయినా రెండు కష్టాలూ ఒకే బరువు కావు. ఆ సంగతి ఒప్పుకున్న ఇళ్ళలో గొడవలు తక్కువ.

ఊళ్ళోవాళ్ళు పొగుడుతారు. "నీలాంటి కోడలు దొరకడం వాళ్ళ అదృష్టం" అంటారు. పొగడ్తకు ఖర్చు లేదు. పైగా దానితో ఒక చిక్కుంది. ఒకసారి దేవత అనిపించుకున్నాక విసుక్కునే హక్కు పోతుంది. ఏడాది తరబడి నిద్రలేని మనిషికి ఏదో ఒక తెల్లవారుజామున, ఇది ఎప్పటికి తీరుతుందో అనిపిస్తుంది. అనిపించగానే భయమేస్తుంది. తప్పు చేసినట్టు ఎవరికీ చెప్పకుండా మింగేస్తుంది. రోజూ రోగుల ఇళ్ళకు వెళ్ళే నర్సులను అడిగితే ఇది సర్వసాధారణమని చెబుతారు. అలా అనిపించడం పాపం కాదని ఆమెతో ఒక్కరైనా అనాలి.

పేదిళ్ళలో కూలి పోవడం అన్నిటికంటే ముందొచ్చే కష్టం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాల్లో కొబ్బరితోటలు, జీడితోటల మధ్య కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి ఇంటింటినీ తడుతోంది. ఎక్కువగా పొలం పని చేసుకునేవాళ్ళకే వస్తుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు డయాలసిస్. ఏడాదికి 156 సార్లు. తిరిగొచ్చేటప్పుడు నీరసంతో తూలే మనిషికి తోడు తప్పదు కనుక, అన్ని రోజులూ ఇద్దరి కూలీ పోయినట్టే. ఒకప్పుడు విశాఖపట్నం దాకా, అంటే సుమారు రెండు వందల కిలోమీటర్లు వెళ్ళాల్సి వచ్చేది. సోంపేట, పలాస, కవిటి లాంటి చోట్ల డయాలసిస్ యూనిట్లు పెట్టాక, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచాక ఆ దూరం తగ్గింది. ఉద్దానంలో రోగికి జరిగిన మేలు గురించి పత్రికలు రాశాయి. పక్కన కూర్చునే భార్యకు వారంలో ఒక్క పని దినమైనా మిగిలిందంటే అదీ ఆ మేలులో భాగమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పింఛన్లు పెరిగాయి. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు, తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారికి 10,000. పేద కుటుంబానికి అది పెద్ద ఊరట, సందేహం లేదు. అయితే ఆ డబ్బు రోగి పేరున వచ్చేది, రోగి మందులకూ తిండికీ పోయేది. చూసుకునే మనిషి పేరున నేరుగా కొంత ఇవ్వాలన్న ఆలోచన కేరళ ప్రభుత్వానికి వచ్చింది. ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచాన ఉన్నవారిని చూసుకునేవాళ్ళకు నెలకు 600 రూపాయలని పెట్టారు. ఆరువందలు ఏ మూలకు? నిజమే. కానీ ఒక ప్రభుత్వ రిజిస్టరులో ఆ మనిషి పేరు ఎక్కింది.

మన చట్టాలు ఆ పేరు రాసుకోవడంలో బాగా వెనకపడ్డాయి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. చూడని పిల్లల మీద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, నెలకు 10,000 దాకా మనోవర్తి ఇప్పిస్తారు. మంచి చట్టమే. 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన సవరణ బిల్లు కోడళ్ళనూ అల్లుళ్ళనూ కూడా బాధ్యుల్లో చేర్చాలని చూసింది. బాధ్యత పంచాల్సి వచ్చేసరికి కోడలు గుర్తొచ్చింది. ఆ కోడలికి నెలలో నాలుగు రోజులు విశ్రాంతి ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కొంత నయం. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా చూసుకునే ప్రతి మనిషినీ, తల్లిదండ్రులతో సహా, అది నిర్వచనంలోకి తెచ్చింది. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని 24వ సెక్షనులో రాసింది. అది చాలా చోట్ల ఇంకా కాగితం మీదే ఉంది. వింతేమిటంటే ఈ విషయంలో రైల్వేవారు ఎప్పుడో ముందున్నారు. తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగుడికీ, క్యాన్సర్ రోగికీ టికెట్టులో రాయితీ ఇచ్చినప్పుడు తోడు వచ్చే మనిషికి కూడా రాయితీ ఇస్తారు.

కోర్టులు కొంత గుర్తించాయి. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో గృహిణి పనికి విలువ కట్టి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ 2019 నాటి సమయ వినియోగ సర్వే అంకెలనే తన తీర్పులో ఎత్తి చూపారు. గొప్ప తీర్పు. కాకపోతే ఆ విలువ లెక్కకొచ్చింది ఆమె చనిపోయాక. 2024 ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక కాలేజీ అధ్యాపకురాలు, పుట్టుకతో ఎముకల జబ్బున్న కొడుకును చూసుకోవడానికి సెలవులన్నీ అయిపోయి కోర్టుకెక్కితే, ఆడవాళ్ళు ఉద్యోగాల్లో ఉండటం దయ కాదు, రాజ్యాంగం కోరేది, శిశు సంరక్షణ సెలవు దానికి అవసరమని అదే సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర ఉద్యోగినులకు ఆ సెలవు సర్వీసులో 730 రోజులు. వికలాంగ బిడ్డ విషయంలో వయసు పరిమితి లేదు. బట్టల దుకాణంలో నిలబడి అమ్మే తల్లికి అలాంటిదేమీ లేదు.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులది మరింత పొడుగు ప్రయాణం. మంచాన పడ్డ మామగారిని ఐదేళ్ళు చూసుకుంటారేమో, ఈ బిడ్డను నలభై ఏళ్ళు చూసుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న జాతీయ సంస్థకు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చే తల్లుల్లో కొందరు అరవై దాటినవాళ్ళు. వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: మా తర్వాత ఎవరు? 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు నాయకత్వంలోని కమిటీ ద్వారా 18 దాటిన బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకుడిని నియమించుకోవచ్చు. 'నిరామయ' ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. ఈ రెండూ తెలియని కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి.

ఇంటివాళ్ళకు నేర్పేస్తే సరిపోతుందన్న ఆలోచన ఈమధ్య ఆరోగ్య శాఖలకు బాగా నచ్చుతోంది. నేర్పాలి, తప్పదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను పక్కనే ఉంచి నేర్పారు, ఫలితాలు సాధించారు. వెల్లూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుంచి అదే దారి పట్టింది. కానీ నేర్పి వదిలేయడం వేరు. పక్షవాతం రోగులకు ఇంటివాళ్ళ చేతనే వ్యాయామాలు చేయిస్తే ఎలా ఉంటుందని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు చికిత్స పొందినవారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిజియోథెరపిస్టు చేయాల్సిన పనిని ఇల్లాలి నెత్తిన పెడితే ఖర్చు మిగులుతుందేమో గానీ రోగికి అదనంగా మేలు జరగదని దాని సారం.

పనిచేసే దారి మరొకటి ఉంది: ఇంటికి మనిషి రావడం. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో చిన్నగా మొదలైన పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన వైద్యం, పంచాయతీల చేతుల్లోకి వెళ్ళి ఇల్లిల్లూ తిరిగే నర్సులుగా, వాలంటీర్లుగా కేరళ అంతా పాకింది. 2008లో ఆ రాష్ట్రం దానికి ఒక విధానమే రాసుకుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ సంస్థ చుట్టూ పెరిగిన పని అలాంటిదే. తెలంగాణ జిల్లాల్లో 'ఆలన' వాహనాల్లో నర్సులు రోగుల ఇళ్ళకు వెళ్ళి పుండ్లు కడుగుతారు, గొట్టం మారుస్తారు. ఆ అరగంటలో కోడలు తన మాట కూడా నాలుగు ముక్కలు చెప్పుకుంటుంది. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీనికోసమే ప్రత్యేక బీమా పెట్టాయి. జర్మనీలో ఇంట్లోవాళ్ళే చూసుకుంటే దానికీ నెలనెలా డబ్బొస్తుంది. మనకు అంత దూరం వెళ్ళే స్థోమత ఇప్పుడే లేకపోవచ్చు. ప్రతి మండలానికీ ఒక నర్సు, ఒక ఫిజియో ఉన్న బండి మాత్రం మన స్థోమతలో ఉన్నదే.

ప్రభుత్వం వచ్చేలోగా కుటుంబం చేయగలిగింది వంతు వేసుకోవడం. పండగకు వచ్చే కొడుకు యాపిల్ పళ్ళు తేవడం మానినా ఫరవాలేదు, వచ్చిన రెండు రాత్రులూ తండ్రి మంచం పక్కన తనే పడుకోవాలి. డైపరు మార్చడం నేర్చుకోవాలి, చూడడానికి కష్టంగా ఉన్నా. డాలస్ అక్క పంపే డబ్బులో కొంత, అచ్చంగా మనిషిని పెట్టుకోవడానికని విడిగా రాసుకోవాలి. ఆయమ్మ వచ్చే ఆ నాలుగు గంటలూ వదిన నిద్రపోవాలి, ఇల్లు సర్దడం కాదు. చుట్టాలు ఫోను చేస్తే "ఆయనకెలా ఉంది" తర్వాత "నీకెలా ఉంది" అని కూడా అడగాలి, జవాబు వినాలి. రోగికి బీపీ చూసే డాక్టరు పక్కనున్న మనిషికి కూడా ఓసారి చూస్తే, దానికి పట్టేది రెండు నిమిషాలే.

కాగితం, కలం దగ్గరుంటే రెండు నంబర్లు రాసుకోండి. మొదటిది 14567, వయోవృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్. మొదట హైదరాబాద్‌లో టాటా ట్రస్టులు, తెలంగాణ ప్రభుత్వం కలిసి మొదలుపెట్టినది, ఇప్పుడు దేశమంతటా ఉంది. రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పింఛన్లు, చట్టం, వృద్ధాశ్రమాలు, సంరక్షణ గురించి సమాచారం చెబుతారు. రెండోది 14416, టెలిమానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రోగి కోసమే చేయాలని లేదు, రోగిని చూసుకుంటున్నవాళ్ళు తమ కోసం తాము చేసుకోవచ్చు.